పరాయిదేశంలో పనికి వెళ్ళిన స్త్రీలు: ఓడ పాసు నుంచి అకామా వరకు

గత యూనిట్‌లో 19వ శతాబ్దపు కూలి వలసల ఆర్థిక కారణాలను మీరు చదివారు. అందులో 'కూలీ' అన్న మాట వచ్చినప్పుడల్లా మీ కళ్ళ ముందు కదిలింది బహుశా మగవాడి రూపమే అయి ఉంటుంది. అది మీ తప్పు కాదు, ఆ యూనిట్ రాసిన మా తప్పు. ఓడల్లో స్త్రీలు ఉన్నారు. వారు పని చేశారు, కూలి తీసుకున్నారు, దెబ్బలు తిన్నారు, ఫిర్యాదులు చేశారు. ఈ యూనిట్‌లో వారి గురించి చదువుకుందాం. అక్కడి నుంచి మన రాయలసీమ, గోదావరి జిల్లాల స్త్రీలు కువైట్ ఇళ్ళలో చేస్తున్న పని దాకా వద్దాం.

నేను కడప జిల్లా సంపర్క తరగతులలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఒక ఆదివారం తరగతిలో "మీ ఇంట్లో గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే సగానికి పైగా చేతులు లేచాయి. "పోయింది అమ్మా, నాన్నా?" అని అడిగాను. కొన్ని చేతులు దిగిపోయాయి. అమ్మ పోయిందని నలుగురిలో చెప్పడానికి పిల్లలు సంకోచించారు. ఆ సంకోచానికి కూడా ఒక చరిత్ర ఉంది. దాన్ని ఓడల కాలం నుంచే వెతకాలి.

ఓడలో స్త్రీకి కేటాయించిన చోటు

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి దర్బన్ రేవు చేరింది. నటాల్ చెరకు తోటలకు భారతీయ కూలీలను చేర్చిన మొదటి ఓడ అది. అందులో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. ఆ తరువాత 50 ఏళ్ళలో మద్రాసు, కలకత్తా రేవుల నుంచి మరెన్నో ఓడలు వెళ్ళాయి. మారిషస్‌కు వలస అంతకు పాతికేళ్ళ ముందే మొదలయింది. మన గోదావరి మొగలోని కోరంగి రేవు పేరే అక్కడి తెలుగువారికీ, బర్మాలోని తెలుగువారికీ పిలుపుపేరుగా స్థిరపడింది.

తోటల యజమానులకు కావలసింది మగవాళ్ళ చేతులు. కానీ మగవాళ్ళే ఉన్న కూలి లైన్లలో కొట్లాటలు, హత్యలు జరుగుతున్నాయని లండన్‌లో విమర్శలు రావడంతో ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలను పంపాలన్న నియమం పెట్టారు. ఈ నియమం పుట్టిన తీరును జాగ్రత్తగా గమనించండి. స్త్రీ ఒక కార్మికురాలిగా కావాలని ఎవరూ అడగలేదు. మగ కూలీలను అదుపులో ఉంచడానికి ఆమె అవసరమయింది. ఆ 40 మంది దొరకనిదే ఓడ కదలదు కనుక ఏజెంట్లు స్త్రీని తెచ్చిన దళారికి పురుషుణ్ణి తెచ్చినదానికంటే ఎక్కువ కమీషన్ ఇచ్చేవారు. దాంతో సంతలలో, గుడి మంటపాలలో, రైల్వే స్టేషన్లలో ఒంటరిగా కనిపించిన ఆడమనిషి దళారి కళ్ళలో పడేది.

అలా ఒంటరిగా కనిపించినవారు ఎవరు? ఇంట్లో చోటు లేని వితంతువులు, భర్త వదిలేసినవారు, కరువులో ఊరు విడిచినవారు. అప్పటి అధికారులలో, మన పెద్దలలో చాలామంది వీరిని చెడిపోయినవారిగా చిత్రించారు. 1883లో బీహారు వలసలపై నివేదిక రాసిన గ్రియర్సన్ మాత్రం ఊళ్ళో బతుకు మూసుకుపోయిన స్త్రీకి వలస మరో దారి తెరవగలదని గుర్తించాడు. అధికారి రాతను అధికారి రాతగానే చదవాలి. వలస సాగాలన్నది ప్రభుత్వ ప్రయోజనం కూడా. అయినా ఆ స్త్రీలను గురించి నిందలేని మాట ఒకటి ఆ కాలపు ప్రభుత్వ పత్రంలో దొరకడం విశేషమే.

ఓడలో ఒంటరి మగవాళ్ళకు ముందు భాగం, కుటుంబాలకు మధ్య భాగం, ఒంటరి స్త్రీలకు వెనుక భాగం కేటాయించేవారు. భద్రత పేరిట చేసిన ఏర్పాటు అది. కాగితం మీద చక్కగానే ఉంది. అయితే రాత్రిపూట ఆ వెనుక భాగం వైపు రాగలిగింది ఓడ సిబ్బందే. వారి మీద ఫిర్యాదు చేయాలంటే అదే ఓడలో ఉన్న సర్జన్‌కు, కెప్టెన్‌కు చేసుకోవాలి. కాపలా కాసేవాడి నుంచి కాపాడేది ఎవరు అన్న ప్రశ్న అప్పుడే మొదలయింది. మనం కువైట్ దాకా వచ్చినా ఈ ప్రశ్న మనతోనే ఉంటుంది.

తోటలో స్త్రీకి పురుషుడి కూలిలో సగం ఇచ్చేవారు. గర్భిణిగా ఉండి పనికి రాలేని రోజుల్లో ఆ సగమూ లేదు. 1895 చట్టం ప్రకారం ఒప్పందం ముగిశాక నటాల్‌లోనే ఉండిపోదలచినవారు ఏటా 3 పౌన్ల పన్ను కట్టాలి. మగపిల్లలకు 16 ఏళ్ళు నిండితే ఆ పన్ను పడుతుంది, ఆడపిల్లలకు 13 నిండితేనే! కూలి సగం, పన్ను మాత్రం మూడేళ్ళు ముందు. దీన్ని మించిన వ్యాఖ్య అవసరం లేదనుకుంటాను. 1913లో ఈ పన్ను మీద, భారతీయ వివాహాలను చెల్లనివిగా చేసిన కోర్టు తీర్పు మీద సత్యాగ్రహం జరిగినప్పుడు కొందరు స్త్రీలు న్యూకాజిల్ బొగ్గు గనుల దగ్గరకు వెళ్ళి కార్మికులను సమ్మెకు ఒప్పించారు. వారికి మూడు నెలల కఠిన శిక్ష పడింది. మన పాఠ్యపుస్తకాలలో ఆ సమ్మె గాంధీ జీవితంలో ఒక అధ్యాయంగానే వస్తుంది.

కుంతి ఫిర్యాదు

ఫిజీ దీవుల కథ కొంచెం విడిగా చెప్పాలి. 1879లో కలకత్తా నుంచి మొదలైన ఫిజీ వలస 1903 నుంచి మద్రాసుకూ పాకింది. అలా తెలుగువారూ అక్కడికి చేరారు. 1912 ఏప్రిల్‌లో రేవా ప్రాంతపు ఒక అరటి తోటలో కుంతి అనే కూలి స్త్రీని ఓవర్‌సీయరు మిగతావారికి దూరంగా, ఒంటరి చోట పనికి పెట్టాడు. తరువాత అక్కడికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుని పరుగెత్తి నదిలో దూకింది. చిన్న పడవలో ఉన్న ఒక కుర్రవాడు ఆమెను బయటికి లాగాడు. కుంతిది గోరఖ్‌పూర్ ప్రాంతం. ఆమె తన కథను స్వదేశానికి చేరవేసింది. 1913లో కలకత్తా నుంచి వెలువడే 'భారత్ మిత్ర' పత్రిక దాన్ని అచ్చు వేయడంతో దేశం అట్టుడికింది. ప్రభుత్వం విచారణ జరిపించింది, ఆమె మాట అబద్ధమని తేల్చే ప్రయత్నమూ జరిగింది. కుంతి తన మాట మార్చుకోలేదు.

సి.ఎఫ్. ఆండ్రూస్ ఫిజీ వెళ్ళి నివేదికలు రాశాడు. 1917 ఆరంభంలో అలహాబాదు సభలో మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడు కూలి ఒప్పందాలకు వ్యతిరేకంగా ప్రసంగించారు. ఆ ఏడాదే కూలీల సేకరణ ఆగిపోయింది. 1920 జనవరి 1 నాటికి ఫిజీలో మిగిలిన ఒప్పందాలూ రద్దయ్యాయి.

మన స్వాతంత్ర్యోద్యమం సాధించిన తొలి పెద్ద విజయాలలో ఇది ఒకటి. అయినా చరిత్ర విద్యార్థులుగా మీరు ఒక చిన్న విషయం దగ్గర ఆగండి. ఆనాటి సభలలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించింది 'భారత స్త్రీ మానం' గురించి. ఆమె సగం కూలి గురించి, ప్రసవం రోజుల్లో కోత గురించి అంతగా వినిపించలేదు. కుంతి స్వయంగా చేసిన ఫిర్యాదులో పని కేటాయింపు ఉంది, అధికారి దుర్మార్గం ఉంది. సభావేదికల మీదికి వచ్చేసరికి అది జాతి పరువు సమస్యగా మారింది. పరువు సమస్యకు మనవాళ్ళకు వెంటనే తట్టే పరిష్కారం ఒకటే: ఆడవాళ్ళను బయటికి పంపకుండా ఉండటం. 1922 వలస చట్టం నైపుణ్యం లేని కార్మికుల వలసను ప్రభుత్వం అనుమతించిన దేశాలకే పరిమితం చేసింది. ఆ చట్టం వెనుక మంచి ఉద్దేశం ఉంది. మంచి ఉద్దేశంతో పాటు ఒక అలవాటు కూడా మొదలయింది. దాని ఫలితాలు తరువాత చూస్తాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు అన్న నియమం ఎవరి భద్రత కోసం ఏర్పడింది? ఆ నియమం దళారుల ప్రవర్తనను ఎలా మార్చింది? పది వాక్యాలలో రాసుకుని, పై భాగంతో సరిచూసుకోండి.

ఆయాలు

తోటలలోకి కాక ఇళ్ళలోకి పనికి వెళ్ళినవారి చరిత్ర మరో రకం. సెలవుపై ఇంగ్లండు వెళ్ళే తెల్లదొరల కుటుంబాలు ఓడలో పిల్లలను చూసుకోవడానికి ఆయాలను వెంట తీసుకెళ్ళేవి. వీరిలో మద్రాసు ఆయాలకు మంచి పేరు. నెలల తరబడి సముద్రంలో పిల్లలను సాకి లండన్ చేరాక, కొందరు యజమానులు వారి చేతిలో నాలుగు డబ్బులు పెట్టి అక్కడే వదిలేసేవారు. తిరుగు ప్రయాణం ఎవరు భరించాలన్నది ముందుగా రాసుకున్న కాగితం ఉండేది కాదు. ఇలాంటివారి కోసం లండన్‌లో 'ఆయాల గృహం' నడిచింది. 1900లో అది హాక్నీ ప్రాంతంలోని కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డుకు మారింది. క్రైస్తవ మిషన్ వారు నడిపిన ఆ ఇంట్లో ఆయాలు బస చేసి, ఇండియాకు తిరిగి వెళ్ళే మరో కుటుంబం దొరికేదాకా ఎదురుచూసేవారు. 2022లో ఆ ఇంటి గోడకు స్మారక ఫలకం అమర్చారు.

ఇంటి పనిచేసే స్త్రీ యజమాని కుటుంబంలో మనిషి అన్న మాట తియ్యనిది. కుటుంబంలో మనిషికి జీతం గంటలు ఉండవు, సెలవు ఉండదు, తిరుగు టికెట్టు ఉండదు. ఆయాలకు జరిగింది ఇదే. కువైట్ ఇళ్ళలోనూ ఇదే తర్కం మీకు కనిపిస్తుంది.

కడప నుంచి కువైట్‌కు

1961 వరకు కువైట్‌లో చెలామణి అయింది మన రూపాయే అంటే మీలో కొందరు నమ్మకపోవచ్చు. ఆ తరువాతే దినారు వచ్చింది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరగడంతో గల్ఫ్ దేశాలలో కట్టడాల పని, ఇళ్ళల్లో పని రెండూ పెరిగాయి. తెలంగాణ నుంచి, ముఖ్యంగా కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి, మగవాళ్ళు దుబాయి, సౌదీలకు కట్టడాల పనికి పోయారు. కడప జిల్లా రాజంపేట, రాయచోటి, కోడూరు ప్రాంతాల నుంచి, ఉభయ గోదావరి జిల్లాల డెల్టా గ్రామాల నుంచి స్త్రీలు కువైట్ ఇళ్ళకు పోయారు. ఒకరు వెళ్ళి కుదురుకున్నాక చెల్లెలికీ, వదినకూ వీసా పంపడం వల్ల కొన్ని ఊళ్ళకే ఈ వలస పరిమితమయింది. బర్మాకు పోయిన తెలుగువారిలో అత్యధికులు మగవాళ్ళు. కువైట్ విషయంలో ఇంటిని నిలబెట్టిన సంపాదన చాలాచోట్ల ఆడమనిషిది.

అక్కడి వ్యవస్థను మన స్త్రీలు తమ మాటల్లోనే చెబుతారు. పూచీ వహించి వీసా ఇచ్చే యజమాని 'కఫీల్'. నివాస అనుమతి పత్రం 'అకామా'. ఇంటి పనివారికి 20వ నంబరు వీసా, కంపెనీ పనివారికి 18వ నంబరు వీసా. ఈ రెండు అంకెల మధ్య తేడా చాలా పెద్దది. కువైట్‌లో 2010 నాటి కార్మిక చట్టం 18వ నంబరు వారికి వర్తిస్తుంది, ఇంటి పనివారిని అది మినహాయించింది. 20వ నంబరు వీసాపై వచ్చిన స్త్రీ కఫీల్ అనుమతి లేకుండా మరో ఇంట్లో పనికి చేరితే, లేదా ఇల్లు వదిలి బయటికి వస్తే, ఆమె మీద పారిపోయిన కేసు పెట్టవచ్చు. కొట్టినవాడి ఇంటి నుంచి బయటపడిన క్షణం నుంచి ఆమే చట్టం దృష్టిలో నేరస్తురాలు. ఇలా కాగితాలు లేకుండా మిగిలినవారిని మనవాళ్ళు 'కల్లివెల్లి' అంటారు. వినడానికి ఆటపేరులా ఉంటుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యాలు కువైట్‌ను ఆక్రమించాయి. జోర్డాన్ లోని అమ్మాన్ నగరం మీదుగా దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాలలో స్వదేశానికి తెచ్చారు. ఆ సెప్టెంబరులో నేను ఒక పని మీద కడప వచ్చి రైల్వే స్టేషనులో ఉన్నాను. బొంబాయి నుంచి వచ్చిన రైలు దిగిన ఆడవాళ్ళలో ఒకామె చేతిలో ఉన్నది ఒక్క ప్లాస్టిక్ సంచి. పాస్‌పోర్టు యజమాని బీరువాలోనే ఉండిపోయిందట, ఎడారి శిబిరంలో ఇచ్చిన తాత్కాలిక కాగితంతో వచ్చింది. "సంచిలో ఏముంది తల్లీ?" అని అడిగితే, ఇంటి నుంచి తనకు వచ్చిన ఉత్తరాల కవర్లు చూపించింది. కువైట్ చిరునామా, తపాలా ముద్ర వాటి మీద ఉన్నాయి. బంగారం వదిలేసి ఆ కవర్లు ఎందుకు తెచ్చుకుందో నాకు అప్పుడు అర్థం కాలేదు. తరువాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ కువైట్ వదిలి రావలసి వచ్చిన ఒక్కొక్కరికీ కనీసం 2,500 డాలర్ల పరిహారం నిర్ణయించింది. అప్పుడు తాను అక్కడ ఉన్నానని చూపించుకోవలసిన అవసరం వచ్చింది. పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటే బతుకు వారి చేతిలో ఉంటుందని ఆమెకు ఏ ప్రొఫెసరూ చెప్పవలసిన అవసరం లేకపోయింది.

రక్షణ, నిషేధం

1983లో మన ప్రభుత్వం పాత చట్టం స్థానంలో కొత్త వలస చట్టం తెచ్చింది. రిక్రూటింగ్ ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్' అన్న పదవి ఓడల కాలం నుంచి వచ్చినదే, దాన్ని అలాగే కొనసాగించారు. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుపై వలస అనుమతి అవసరమన్న గుర్తు ఉంటుంది. అటువంటివారు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ అనుమతి కావాలి. ఇటువంటి పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి 30 ఏళ్ళు నిండి ఉండాలన్న నియమమూ వచ్చింది.

ఈ వయోనియమం మీద నా అభిప్రాయం దాచుకోను. దీని ఉద్దేశాన్ని శంకించను, ఫలితాన్ని మాత్రం మంచిదనలేను. ఇంట్లో అప్పు 25 ఏళ్ళ ఆమెకు మరో ఐదేళ్ళు ఆగదు. ఏజెంటు ఆమెకు రెండు దారులు చూపిస్తాడు. ఒకటి, పాస్‌పోర్టులో వయసు పెంచి రాయించడం. రెండు, ప్రొటెక్టర్ కంట పడకుండా విజిట్ వీసా మీద ఒక దేశానికి పంపి, అక్కడి నుంచి మరో దేశంలోకి దాటించడం. రెండు దారుల్లోనూ ఆమె అక్కడికి చేరుతుంది. చేరేసరికి చేతిలో చెల్లే ఒప్పందం ఉండదు, బీమా ఉండదు, ఆమె ఎక్కడ ఉందో మన ప్రభుత్వ లెక్కల్లో ఉండదు. ఆపదలో పడినప్పుడు రాయబార కార్యాలయానికి వెళ్ళడానికి కూడా భయపడుతుంది, ఎందుకంటే తాను వచ్చిన తీరే తప్పని ఆమెకు తెలుసు. నిషేధం వలసను ఆపలేదు. దళారి తీసుకునే రుసుమును మాత్రం పెంచింది. 40 మంది స్త్రీల నియమం దళారి కమీషన్‌ను పెంచిన సంగతి గుర్తుందా?

నిషేధానికి భిన్నమైన మార్గాలు కూడా ప్రయత్నించారు. స్త్రీని పనిలో పెట్టుకునే విదేశీ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని భారతదేశం పట్టుబట్టింది. బాధ్యతను యజమాని మీదికి నెట్టిన నియమం ఇది. కువైట్ ఒప్పుకోలేదు. చివరకు 2017లో ఆ దేశం విషయంలో మనమే ఆ నియమాన్ని సడలించాం. 2016 నుంచి ఇంటి పనికి వెళ్ళే స్త్రీల నియామకాన్ని ప్రైవేటు ఏజెంట్ల నుంచి తప్పించి ప్రభుత్వ సంస్థలకు అప్పగించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అటువంటివి. 2021లో భారత్, కువైట్ ఇంటి పనివారి విషయమై ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి.

కువైట్ కూడా 2015లో ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం చేసింది. అది 68వ నంబరు చట్టం. రోజుకు 12 గంటలకు మించి పని ఉండరాదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఉండాలి. పని విరమించేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. పనిమనిషి ఒప్పుకోనిదే పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోరాదు. మరుసటి ఏడాది కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. గల్ఫ్ దేశాలన్నిటిలో ఇది ఎంతో ముందడుగు. కానీ ఫ్యాక్టరీలోకి తనిఖీ అధికారి వెళ్ళగలడు, ఇంట్లోకి వెళ్ళలేడు. 12 గంటలు ఎవరు లెక్కపెడతారు? ఆ ఇంట్లో గడియారం చూసుకునే హక్కు ఉన్నది ఆమె ఒక్కతెకే, సాక్ష్యం చెప్పవలసినదీ ఆమె ఒక్కతే.

2018లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం కువైట్‌లోని ఓ ఫ్రీజరులో దొరికినప్పుడు ఆ దేశం తన కార్మికులను పంపడం ఆపేసింది. నెలల వ్యవధిలోనే రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. పాస్‌పోర్టుతో పాటు సెల్‌ఫోన్ కూడా పనిమనిషి తన దగ్గరే ఉంచుకోవచ్చని అందులో రాయించుకున్నారు. ఇక్కడ నిషేధం అంతిమ లక్ష్యం కాలేదు, బేరానికి పనికివచ్చింది. ఈ తేడా పరీక్ష కోసం మాత్రమే గుర్తుపెట్టుకోవలసినది కాదు.

ఇంటి లోపలి పరాయితనం

చట్టాలు చదివితే గల్ఫ్ జీవితం అంతా హింసే అనిపిస్తుంది. అది కూడా సరికాదు. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో పనిచేసి, గౌరవంగా తిరిగివచ్చి, పిల్లలను చదివించుకున్నవారు ఎందరో ఉన్నారు. నేను మాట్లాడినవారిలో దాదాపు అందరూ చెప్పింది ఒకటే: మొదటి ఆరు నెలలు గట్టెక్కితే తరువాత తెలిసిపోతుంది. ఆ ఆరు నెలల్లో తెలుసుకునేది ఏమిటో వారినే అడిగి రాసుకున్నాను.

మొదట భాష. అక్కడ ఇంటి యజమానురాలిని 'మామా' అనీ, యజమానిని 'బాబా' అనీ పిలవాలి. మన ఇళ్ళల్లో మామ అంటే ఎవరో చెప్పనక్కరలేదు. మీసాలు లేని ఆడమనిషిని మామా అని పిలవడానికి తనకు వారం పట్టిందని రాజంపేట వైపు ఆమె ఒకరు నవ్వుతూ చెప్పారు. 'మాఫీ' అన్న మాట మరింత చిక్కు తెస్తుంది. మన ఊళ్ళో రుణమాఫీ అంటే తీసివేత, క్షమాపణ. అక్కడి వాడుకలో 'మాఫీ' అంటే లేదు అని. జీతం అడిగినప్పుడు 'ఫులూస్ మాఫీ' అంటే డబ్బు లేదని అర్థం. తన అప్పు ఏదో మాఫీ చేశారని సంతోషించినవారు ఉన్నారు. రా, పో, తే, నీళ్ళు, పని, డబ్బు, నొప్పి, వద్దు అన్న మాటలు ముందుగా నేర్చుకుని వెళ్ళినవారికి దెబ్బలు తగ్గాయని చెప్పారు. చెప్పింది అర్థం కాకపోవడాన్ని పొగరుగా తీసుకునే యజమానురాళ్ళు ఉంటారట.

తరువాత కాలం లెక్క. సెలవు రోజు ఆదివారం కాదు, శుక్రవారం. కానీ అదే రోజు యజమాని బంధువులంతా భోజనానికి వస్తారు కనుక పని రెట్టింపు. రంజాన్ నెలలో పగలు రాత్రి తారుమారవుతాయి. సాయంత్రం ఇఫ్తారు వంట, తెల్లవారుజామున సహరి వంట, మధ్యలో దివానియాలో కూర్చున్న మగవాళ్ళకు చాయ్. మామూలు రోజుల్లో ఎంత మంచి ఇల్లయినా ఈ నెలలో నిద్ర ఉండదని అందరూ అన్నారు. ఎడారి అంటే ఎండే అనుకుని నూలు చీరలతో దిగినవారు డిసెంబరు చలికి వణికిపోయారు. తిండి విషయంలో కుబూస్ రొట్టెకు నోరు అలవాటు పడుతుంది కానీ పచ్చడి లేనిదే గొంతు దిగదు. అందుకే పెట్టెలో ముందు పెట్టుకునేది ఊరగాయ. మతపరమైన సర్దుబాటు ఇంటిని బట్టి ఉంటుంది. తన గదిలో దేవుడి పటం పెట్టుకున్నా ఏమీ అనని ఇళ్ళు ఉన్నాయి, దాచుకోవలసి వచ్చిన ఇళ్ళూ ఉన్నాయి.

అన్నిటికంటే కష్టమైన సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు, రెండో మూడో సారి కలిసినప్పుడు చెప్పారు. పరాయి బిడ్డను ఎత్తుకుని పెంచుతారు. ఆ బిడ్డ వీరి చేతుల్లోనే నడక నేర్చుకుంటుంది. అదే సమయంలో సొంత బిడ్డ ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగి, సెలవుకు వచ్చిన తల్లిని చూసి తలుపు చాటుకు పోతుంది. ఒకామె అన్నారు: "అక్కడి పిల్ల నన్ను విడిచి ఏడ్చింది సారూ, నా పిల్ల నన్ను చూసి ఏడ్చింది." నేను నోట్‌బుక్ మూసేశాను.

తిరిగివచ్చాక ఊరు కూడా కొంత పరాయిదవుతుంది. ఆమె పంపిన డబ్బుతో కట్టిన ఇంటి పట్టా భర్త పేరనో, అన్న పేరనో ఉంటుంది. వెనుక గుసగుసలు ఉంటాయి. 140 ఏళ్ళ క్రితం ఓడ ఎక్కిన స్త్రీ మీద వేసిన నిందే కొత్త మాటల్లో వినిపిస్తుంది. మా తరగతిలో చేతులు ఎందుకు దిగిపోయాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మీ చేతిలోని కాగితాలు

ఈ భాగం పరీక్షకు రాదు. అయినా చదవండి. డిగ్రీ చదువుతున్న మీ పాస్‌పోర్టుపై వలస అనుమతి గుర్తు ఉండదు. 30 ఏళ్ళ నియమమూ మీకు లేదు. బ్యూటీషియన్‌గానో, ఆఫీసు ఉద్యోగిగానో మీరు నేరుగా వెళ్ళవచ్చు. మీ చదువు మీకు ఇచ్చిన స్వేచ్ఛ ఇది. దాంతో పాటు ప్రొటెక్టర్ కార్యాలయం చేసే తనిఖీ కూడా మీకు ఉండదని మరచిపోకండి. మీ ఒప్పందాన్ని మీరే తనిఖీ చేసుకోవాలి.

వీసాపై రాసిన పని, ఏజెంటు నోటితో చెప్పిన పని ఒకటేనా చూడండి. ఆఫీసు ఉద్యోగమని చెప్పి 20వ నంబరు వీసా చేతిలో పెడితే అక్కడే ఆగండి. విజిట్ వీసా మీద పనికి పోకండి, తరువాత మారుస్తామన్న మాట మీద అసలే పోకండి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నిజమైనదో కాదో 'ఈ-మైగ్రేట్' వెబ్‌సైటులో చూడవచ్చు. వలస అనుమతి కావలసినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా వస్తుంది. మీ అమ్మో, పిన్నో వెళుతుంటే ఈ కాగితం పెట్టెలో ఉందో లేదో మీరే చూడండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు ఒక జత ఇంట్లో ఉంచండి. అరబ్బీ ఒప్పందం మీద సంతకం పెట్టమంటే దాని అనువాదం అడగండి. విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' వెబ్‌సైటులో ఊళ్ళో ఉన్న కుటుంబ సభ్యులు కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జీతం పంపే బ్యాంకు ఖాతా ఆమె పేరనే ఉండాలి. ఈ ఆఖరి మాటకు ఇళ్ళల్లో చిన్నబుచ్చుకునేవారు ఉంటారు, ఉండనివ్వండి.

ఇంటి పనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికను ఆమోదించింది. గల్ఫ్ దేశాలలో ఏదీ దాన్ని ధ్రువీకరించలేదు. భారతదేశమూ ధ్రువీకరించలేదు. మన ఇంట్లో పనిచేసే ఆమెకు వారానికి ఒక రోజు సెలవు ఇస్తున్నామా అన్న ప్రశ్న కూడా ఈ యూనిట్ పరిధిలోకే వస్తుంది.

అసైన్‌మెంటు

మీ ఊళ్ళో గానీ, పక్క ఊళ్ళో గానీ విదేశంలో పనిచేసి తిరిగివచ్చిన ఒక స్త్రీని కలవండి. ఆమె అనుమతి తీసుకుని, పేరు, ఊరు రాయకుండా ఆమె కథను నాలుగు పేజీలలో రాయండి. ఏ ఏడాది వెళ్ళారు, ఏ వీసా మీద, ఎవరు పంపారు, ఎంత ఇచ్చి వెళ్ళారు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది, మొదట నేర్చుకున్న అరబ్బీ మాటలేమిటి, సెలవు దొరికిన రోజు ఏం చేశారు అని అడగండి. పాత ఉత్తరాలు, ఫోటోలు, అకామా కార్డు, మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు ఏవైనా దాచుకున్నారేమో అడిగి చూడండి. ఆమె చెప్పకూడదనుకున్న విషయాన్ని రెండోసారి అడగకండి. వెళ్ళేటప్పుడు ఆమెకు తీరిక ఉండే వేళ కనుక్కుని వెళ్ళండి. మీరు రాసింది ఆమెకు చదివి వినిపించి, దిద్దమన్న చోట దిద్దిన తరువాతే అధ్యయన కేంద్రానికి పంపండి.